అబిడ్స్ తుపాకుల దుకాణంలో సేఫ్ కస్టడీ: మా ఇంటి అనుభవం

ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉండి, దాన్ని ఏం చేయాలో తెలియక బీరువాలో పెట్టుకుని కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో అలాంటి ఇళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి. ఊళ్లో వ్యవసాయం ఉన్న రోజుల్లో తాతో తండ్రో తీసుకున్న పన్నెండు బోరు తుపాకీ, వాళ్లు పోయాక పిల్లల మెడకు చుట్టుకుంటుంది. మాకూ అదే జరిగింది. మా నాన్నగారి డబుల్ బ్యారెల్‌ను అబిడ్స్‌లో, జీపీఓ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక పాత ఆయుధాల డీలరు దగ్గర డిపాజిట్ చేశాం. దుకాణం పేరు కావాలనే రాయడం లేదు. లోపల ఉన్న సరుకు నలుగురికీ అడ్రసు చెప్పేది కాదు. అవసరమైనవాళ్లకు లైసెన్సున్న డీలర్లు ఎవరో మీ పోలీస్ స్టేషన్లో చెబుతారు.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాస్తాను. నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. కాబట్టి దుకాణం సంగతితో పాటు, తుపాకుల చట్టం కఠినంగా ఉంటే హింస తగ్గుతుందా అని వేరే దేశాల సంగతులూ ఇందులో వస్తాయి. ఈ పని మీద తిరుగుతున్నంత కాలం నా బుర్రలో ఆ రెండూ కలిసే తిరిగాయి.

నాన్నగారిది కల్వకుర్తి దగ్గర పల్లె. వేరుశనగ చేను, పక్కనే గుట్ట, రాత్రయితే గుట్ట దిగి వచ్చే అడవి పందులు. పంట కాపాడుకోవడానికని 1980లలో లైసెన్సు తీసుకున్నారు. నాకు తెలిసి ఆయన దాన్ని పేల్చిందల్లా గాల్లోకే. పొలం కౌలుకిచ్చి సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చేసినప్పుడు తుపాకీ కూడా వెంట వచ్చింది, లైసెన్సు అడ్రసు సిటీకి మార్పించుకున్నారు. ఎన్నికలు వచ్చాయంటే ఆయుధాలు డిపాజిట్ చేయమని ఉత్తర్వు వచ్చేది. 2018 అసెంబ్లీ, 2019 లోక్‌సభ, 2023 అసెంబ్లీ, ఆ వెంటనే 2024 లోక్‌సభ, అన్నిసార్లూ ఆయన ఈ దుకాణంలోనే పెట్టారు. స్టేషన్లోనూ పెట్టొచ్చు, అక్కడ డబ్బులు కట్టే పనిలేదు. కానీ ఒకసారి స్టేషన్ నుంచి తెచ్చుకున్నప్పుడు గొట్టం లోపల తుప్పు కనబడిందట, అప్పటి నుంచి ఆయనకు ఇక్కడే నమ్మకం.

పోయినేడాది నాన్నగారు పోయారు. పదకొండో రోజు చుట్టాలంతా వెళ్లిపోయాక అమ్మ నన్ను పిలిచి చెప్పిన మొదటి మాట, "ఆ తుపాకీ ఇంట్లో వద్దు బిడ్డా" అని.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చాలామందికి తెలియదు. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, కుటుంబం పేరు మీద కాదు. ఆ మనిషి పోయాడంటే ఆ ఆయుధం మన దగ్గర ఉండటానికి వీల్లేదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. వారసుల్లో ఎవరికైనా కావాలంటే 2016 ఆయుధాల రూల్స్ కింద తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బతికుండగానే మార్చుకునే దారి కూడా ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, వారసుడి పేరు మీదికి అడగొచ్చు. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలు ఉంటే ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఉంచుకోవాలో, వదిలేసుకోవాలో ఆయన నోటితోనే తేల్చుకుంటే ఆ తర్వాత ఎవరికీ టెన్షన్ ఉండదు.

దుకాణం బయటి నుంచి చూస్తే గడియారాల షాపులా ఉంటుంది. ఇరుకు మెట్లు, ఇనుప గ్రిల్లు, గ్రిల్లు వెనక ఇంకో తలుపు. గంట కొడితే లోపలి నుంచి మొహం చూసి, పని అడిగి, అప్పుడు తీస్తారు. ఓనరు డెబ్బై దాటిన పెద్దాయన, అందరూ సాబ్ అనే పిలుస్తారు. ఆయన తండ్రి కాలం నుంచీ ఇదే వ్యాపారమట. ఇప్పుడు మనవడు కూడా కూర్చుంటున్నాడు, కంప్యూటరు పని అతనిదే.

సాబ్ పని చేసే తీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. తుపాకీ సంచీలోంచి తీసి చేతికివ్వగానే, నాన్నగారి గురించి అడుగుతూనే, గొట్టాలు వంచి రెండు అరలూ ఖాళీయో కాదో చూశారు. చూసి మనవడికిచ్చారు, అతనూ చూశాడు. ఇద్దరూ చూశాకే బల్ల మీద పెట్టారు. "ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మొద్దమ్మా. నేను చెప్పినా సరే, మీరు చూసుకోవాలి" అని నన్నూ వేలు పెట్టి తడిమి చూడమన్నారు. తర్వాత కింది కట్టె ఊడదీసి, గొట్టాలు వేరు చేసి, కిటికీ వైపు ఎత్తిపట్టి ఒక కన్ను మూసి చూశారు. నా చేతికిచ్చారు. లోపల వెలుగు గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటిగా మెరుస్తోంది. ఎడమ గొట్టంలో మూతికి జానెడు ఇవతల చిన్న మచ్చ. అది ఎప్పటిదో కూడా ఆయనకు తెలుసు, 2018లో తను రిజిస్టర్లో రాసిన పేజీ తీసి చూపించారు.

తర్వాత నెంబర్లు. గొట్టం కింద ఒకటి, బాడీ మీద ఒకటి, ఊడదీసిన కట్టెకున్న ఇనుప రేకు మీద ఒకటి, మూడూ లైసెన్సు పుస్తకంలో ఉన్న దానితో కలవాలి. ఒక్కో అంకె మీద వేలు పెట్టి మనవడు పైకి చదివాడు, సాబ్ పుస్తకంలో చూసుకున్నారు. లైసెన్సుకున్న యూఐఎన్ నెంబరు, అంటే దేశమంతటికీ కలిపి పెట్టిన ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో మనకిచ్చే నెంబరు, అదీ రాసుకున్నారు. ట్రిగ్గరు పక్కన చెక్కిన ఆకుల డిజైను సందుల్లో ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. దసరా ఆయుధపూజకు నాన్నగారు పెట్టిన కుంకుమ. సాబ్ బ్రష్షు చేతిలోకి తీసుకుని ఆగారు. "తుడవమంటారా, ఉంచమంటారా?" అని అడిగారు. ఉంచమన్నాను. దాన్ని తప్పించి మిగతా ఇనుమంతా నూనె గుడ్డతో తుడిచారు.

తూటాలు లెక్కపెట్టారు. కొనుగోలు లైసెన్సు పుస్తకంలో ఎక్కి ఉంటుంది కాబట్టి ఎన్ని కొన్నారో, ఎన్ని మిగిలాయో సరిపోవాలి. పాతవి కొన్ని చెమ్మకు ఉబ్బిపోయాయి, వాటిని వేరే డబ్బాలో వేసి రిజిస్టర్లో వేరే వరుసలో రాశారు. చివరికి రెండు అట్టముక్కలకు దారం కట్టి, గొట్టాలకొకటి, చెక్కకొకటి తగిలించారు. గొట్టాలు ఒక అరలో, చెక్కభాగం ఇంకో అరలో, తూటాలు మరో గదిలో. స్ట్రాంగ్‌రూమ్‌కు రెండు తాళాలు, ఒకటి సాబ్ దగ్గర, ఒకటి మనవడి దగ్గర. ఒక్కడే వెళ్లి తీసే వీలు లేదు. నెలకు రెండొందలు, మూడు నెలలది ముందే కట్టాలి. కార్బన్ పెట్టి రాసిన రశీదు ఇచ్చారు.

ఇంత పద్ధతిగా పనిచేసే చోటు నేను ఈ మధ్య ఎక్కడా చూడలేదు. అమెరికాలో ఉండే మా తమ్ముడు తుపాకుల మీద చేసిన ప్రసంగం (అది కింద వస్తుంది) అంతా విన్నాక ఈ పద్ధతి విలువ నాకు ఇంకా బాగా అర్థమైంది.

ఆ రోజు మేమున్నప్పుడే ఒక కుర్రవాడు వచ్చాడు. కోకాపేట వైపు ప్లాట్లు అమ్ముతాడట, చేతికి కడియం, మెడలో గొలుసు. ముప్పై రెండు బోరు రివాల్వరు ధర అడిగాడు. లైసెన్సుందా అంటే, "వస్తది సాబ్, మనోళ్లున్నరు" అన్నాడు. "వచ్చినంక రా బేటా. ఎవరితోనన్నా భయముందా?" అన్నారు సాబ్. భయమేమీ లేదట. ఫ్రెండ్సులో ఇద్దరికి ఉందట, ఫంక్షన్లకు పోతే బాగుంటుందట. సాబ్ కోప్పడలేదు. పెళ్లి బరాత్‌లోనో, పండగలోనో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 2019లో చట్టం మార్చారని చెప్పారు. శిక్షణ సర్టిఫికెట్, మానసిక ఆరోగ్యంతో సహా మెడికల్ సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా పెట్టుకుంటానని హామీ, మీద పోలీసు విచారణ, అన్నీ వరసగా చెప్పారు. కుర్రవాడు వింటూ వింటూ ఫోన్ తీసుకుని మెట్లు దిగిపోయాడు. అమ్మితే లాభం వచ్చే మనిషి అమ్మకాన్ని ఆపడం నా కళ్లతో చూశాను. నేనిచ్చిన మార్కుల్లో ఒకటి పూర్తిగా దానికే.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, అమెరికా సిటిజన్. పక్క వీధిలో దొంగతనం జరిగిందని తొమ్మిది ఎంఎం పిస్టల్ కొనుక్కున్నాడు. షాపుకెళ్లి ఫారం నింపి, ఐడీ చూపించి, వాళ్లు కంప్యూటర్లో పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసుకున్నాక పట్టుకొచ్చేశాడు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండానే దాన్ని వెంట పెట్టుకు తిరగొచ్చు కూడా. నాన్నగారి తుపాకీ డిపాజిట్ చేశానని ఫోన్లో చెబితే వాడికి నచ్చలేదు. "అక్కా, అది నాన్న గుర్తు. నీ పేరు మీదకు మార్పించు. చట్టాలు బిగిస్తే మంచోడి చేతిలో తుపాకీ పోతుంది, దొంగ చేతిలోది పోదు. మెక్సికో చూడు, బ్రెజిల్ చూడు" అన్నాడు.

వాడి మాట నేను కొట్టిపారేయలేదు, చూశాను. మెక్సికోలో మామూలు జనానికి చట్టప్రకారం తుపాకులు అమ్మే షాపు ఏళ్ల తరబడి దేశం మొత్తానికి ఒక్కటే ఉండేది, రాజధానిలో, సైన్యం నడిపేది. అలాంటి దేశంలో హత్యల రేటు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాడన్నది నిజమే. కానీ ఆ తుపాకులు ఎక్కడివి? నేర స్థలాల్లో దొరికి, ఎక్కడ కొన్నారో తేలిన వాటిలో పెద్ద భాగం అమెరికా నుంచి సరిహద్దు దాటినవే. మెక్సికో ప్రభుత్వం 2021లో అమెరికా తుపాకుల కంపెనీల మీద కోర్టుకే వెళ్లింది. పక్కింట్లో గేటు బార్లా తెరిచి ఉంటే మన గేటుకు ఎంత పెద్ద తాళం వేసి ఏం లాభం?

బ్రెజిల్ సంగతి నిజంగానే ఇబ్బంది పెట్టేది. 2003లో అక్కడ చట్టం బిగించారు. 2005లో తుపాకుల అమ్మకమే ఆపేద్దామా అని జనాన్ని అడిగితే దాదాపు మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. 2017లో హత్యలు 60,000 దాటాయి. 2019 నుంచి కొత్త ప్రభుత్వం చట్టాలు సడలించింది, జనం చేతిలో తుపాకులు పెరిగాయి, అయినా హత్యలు 2017 కంటే తగ్గాయి. ఆ తగ్గుదలలో ముఠాల మధ్య గొడవలు సద్దుమణగడం పాత్ర చాలా ఉందని అక్కడి పరిశోధకులు చెబుతారు. అంటే చట్టం ఒక్కటే హత్యల రేటును పైకీ కిందికీ నడిపించదు. డ్రగ్స్ ముఠాలు, పోలీసుల తీరు, పేదరికం, ఇవన్నీ కలిసి నడిపిస్తాయి. దేశాలను పక్కపక్కన పెట్టి ఈ చట్టం ఉంది కాబట్టి ఇన్ని హత్యలు అని గీత గీసేవాళ్లు ఏ పక్షం వాళ్లయినా నేను నమ్మను.

అయితే ఒకే చోట చట్టం మారకముందు, మారాక ఏమైందో చూస్తే విషయం ఇంకొంచెం తేటగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకే మనిషి 35 మందిని చంపాడు. రెండు వారాల్లోపే తుపాకుల చట్టాలపై దేశమంతటికీ ఒకే ఒప్పందం కుదిరింది, ప్రభుత్వం డబ్బిచ్చి ఆరున్నర లక్షల దాకా తుపాకులు వెనక్కి తీసుకుంది. ఆత్మరక్షణ కోసం అనే కారణం అక్కడ చెల్లదు. అయిదుగురు, అంతకు మించి చనిపోయిన కాల్పులు అంతకుముందు 18 ఏళ్లలో 13 జరిగితే, తర్వాతి పదేళ్లలో ఒక్కటీ జరగలేదు. తుపాకీ ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి. హత్యల విషయంలో మాత్రం ముందు నుంచే తగ్గుతూ వస్తున్నాయి కదా, చట్టం వల్ల తగ్గింది ఎంత అని ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, ఆ వాదనలో పస ఉంది. బ్రిటన్‌లో డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసిపిల్లల్ని, వాళ్ల టీచరమ్మను కాల్చి చంపిన తర్వాత, 1997లో చేతి తుపాకులు దాదాపుగా నిషేధించారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు చేతి తుపాకుల నేరాలు పెరిగాయి, ఆపైనే తగ్గుముఖం పట్టాయి. చట్టం చేసిన మర్నాడే ఫలితం అడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అమెరికాలోనే రెండు రాష్ట్రాలున్నాయి. కనెటికట్ 1995లో చేతి తుపాకీ కొనాలంటే ముందు పర్మిట్, శిక్షణ తప్పనిసరి చేసింది. మిజోరీ ఉన్న పర్మిట్ పద్ధతిని 2007లో ఎత్తేసింది. మొదటి చోట తుపాకీ హత్యలు తగ్గాయని, రెండో చోట పెరిగాయని పరిశోధకులు లెక్క తేల్చారు. సాబ్ ఆ కుర్రవాడిని ఆపింది ఇలాంటి షరతుతోనే. నిషేధం కాదు, నువ్వెవరు, ఎందుకు అని అడగడం, ఆ అడిగే టైములో మనిషి వేడి చల్లారడం.

తమ్ముడి రెండో వాదన స్విట్జర్లాండ్. ఇంటింటా తుపాకీ ఉన్నా హత్యలు లేవు కదా అంటాడు. హత్యలు తక్కువే, నిజమే. కానీ వాడు చూడని లెక్క ఒకటుంది. అక్కడ 2003లో సైన్యాన్ని సగానికి తగ్గించారు, దాంతో ఎన్నో ఇళ్లలోంచి సైన్యం తుపాకులు వెళ్లిపోయాయి. సైన్యంలో పనిచేసే వయసు మగవాళ్లలో ఆత్మహత్యలు తగ్గాయి, వాళ్లలో ఎక్కువమంది వేరే దారి వెతుక్కోలేదు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో, వారాంతం సెలవుకు ఇంటికెళ్లే సైనికులు తుపాకీ బ్యారక్‌లోనే వదిలి వెళ్లాలని ఆదేశించింది. సైనికుల ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. అమెరికాలో 2021లో తుపాకుల వల్ల పోయిన 48,830 మందిలో సగానికి పైగా తమను తాము కాల్చుకున్నవాళ్లే. మనం టీవీలో చూసేది మాల్ కాల్పులు, చూడనిది ఇది.

"చావాలనుకున్నోడు ఎట్లయినా చస్తడు" అనే మాట పాలమూరు వైపు నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. పురుగుల మందు తాగిన రైతుల ఇళ్లకు పరామర్శకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అది తప్పు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు, 1995 తర్వాత ఇరవై ఏళ్లలో మొత్తం ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. ఆ క్షణంలో చేతికి అందేది ఏమిటన్నదే ప్రాణం నిలుపుతుంది లేదా తీస్తుంది. మా అమ్మ పుస్తకాలు చదివి చెప్పలేదు, కానీ పదకొండో రోజు ఆమె చెప్పింది ఇదే. ఇంట్లో ఆమెకు ఇంటర్ చదివే మనవడున్నాడు. రిజల్ట్స్ రోజుల్లో మన ఇళ్లల్లో పిల్లల పరిస్థితి ఏమిటో హైదరాబాద్ తల్లులకు నేను చెప్పక్కర్లేదు.

ఇక మన దేశం. 2022లో మన దగ్గర నమోదైన హత్య కేసులు 28,522, లక్ష జనాభాకు రెండుకు కాస్త ఎక్కువ. అదే ఏడు అమెరికాలో లక్షకు ఆరు దాటింది, అక్కడ హత్యల్లో దాదాపు పదింట ఎనిమిది తుపాకీతోనే. మనవాళ్లకు కోపాలు తక్కువనా? కాదు. పేపరు తిరగేస్తే భూమి గొడవలు, అక్రమ సంబంధాలు, తాగి కొట్టుకోవడాలు. కాకపోతే చేతిలో ఉండేది కత్తో, బండరాయో, రోకలో. ఎదుటివాడు పారిపోవడానికి, పక్కవాడు అడ్డుపడటానికి కాస్త సందు దొరుకుతుంది. 2017లో కాన్సస్‌లోని ఒలేథా ఊరి బార్‌లో మన కుర్రవాడికి, 2023 మేలో టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో మన అమ్మాయికి ఆ సందు దొరకలేదు. ఆలెన్ మా తమ్ముడి ఇంటికి ఎంతో దూరం కాదు. ఆ వార్త వచ్చిన రాత్రి వాడు ఫోన్ ఎత్తేదాకా మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు.

అలాగని మన చట్టం గొప్పగా అమలవుతోందని నేను అనను. తుపాకీతో జరిగే నేరాల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేని నాటు తుపాకులు, తపంచాలతోనే. నాటు తుపాకుల తయారీకి పేరుపడ్డ బీహార్‌లోని ముంగేర్ పేరు పోలీసు కేసుల్లో ఎన్నిసార్లు వినలేదు! జమ్మూకాశ్మీర్‌లో 2012 నుంచి 2016 దాకా డబ్బులు తీసుకుని లక్షల్లో లైసెన్సులు ఇచ్చేశారని సీబీఐ కేసులు పెట్టింది. దక్షిణాఫ్రికాలో ఇంకా ఘోరం. 2000లో మంచి చట్టం తెచ్చారు, తుపాకీ హత్యలు కొన్నేళ్లు తగ్గుతూ వచ్చాయి. ఆ తర్వాత, ధ్వంసం చేయాల్సిన తుపాకులను కాపాడాల్సిన పోలీసు అధికారే రెండు వేలకు పైగా ముఠాలకు అమ్ముకున్నాడు, 2016లో 18 ఏళ్ల శిక్ష పడింది. చట్టం పుస్తకంలో ఉంది, స్టోరు రూములో లేదు. సాబ్ దుకాణంలో రెండు తాళాలు, మూడు నెంబర్లు, మనవడు పైకి చదవడం, ఇదంతా చూసినవాళ్లకు నా మాట అర్థమవుతుంది. కఠిన చట్టం వల్ల హింస తగ్గుతుందా అంటే, ఇలా లెక్క తప్పకుండా చూసే మనుషులున్న చోట తగ్గుతుంది అని నేను గట్టిగా చెబుతాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆయుధాలపై నియంత్రణ ఎప్పుడూ జనం మేలు కోసమే రాలేదు. 1878లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన చట్టం మనవాళ్ల చేతిలోంచి తుపాకీ తీసేయడానికే. మా వైపు పెద్దవాళ్లు రజాకార్ల రోజుల్లో భర్మార్ తుపాకులతో, అంటే మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకులతో, ఊరు కాపలా కాసిన సంగతి చెప్పేవారు. ఆ భయం ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఈ రోజు సైదాబాద్ ఫ్లాట్‌లో బీరువాలో ఉన్న పన్నెండు బోరు ఎవరి నుంచి ఎవర్ని కాపాడుతుందో నాకు తమ్ముడు చెప్పలేకపోయాడు.

ఇక మార్కు ఎందుకు తగ్గించానో చెబుతాను. మెట్లు చాలా నిటారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మను సంతకం కోసం పైకి తీసుకురాలేక, సాబ్ మనవడినే రిజిస్టరుతో కిందికి రమ్మనాల్సి వచ్చింది. అతను విసుక్కోకుండా వచ్చాడు కానీ, ముసలివాళ్లే ఎక్కువగా వచ్చే దుకాణానికి కనీసం పట్టుకునే కమ్మీ ఉండాలి. రశీదు ఇంగ్లీషులోనే ఇస్తారు, షరతులు వెనకవైపు చీమల్లాంటి అక్షరాల్లో ఉంటాయి. తెలుగులో ఇస్తే ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఎంతో సాయం. అద్దె గడువు అయిపోతోందని ఒక మెసేజ్ పంపే ఏర్పాటు లేదు. లైసెన్సు గడువు గురించి కూడా గుర్తు చేయరు, అది వాళ్ల బాధ్యత కాకపోయినా అంత పాత కస్టమర్లకు చేయొచ్చు. కార్డు తీసుకోరు, ఫోన్‌పే పనిచేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మూసేస్తారు, ఆ టైములో వెళ్లి ఎండలో నిలబడకండి.

తుపాకీ విషయం మేం తేల్చుకున్నాం. నా పేరు మీదకు మార్పించుకోవడం లేదు. అమ్మ, నేను సంతకాలు పెట్టాం, తమ్ముడు గొణుక్కుంటూనే తనకు అభ్యంతరం లేదని కాగితం పంపాడు. లైసెన్సున్న కొనుగోలుదారు దొరికితే సాబ్ ద్వారా అమ్మకం, దొరక్కపోతే సర్కారుకు అప్పగింత. అమ్మకానికి కూడా అనుమతి కాగితాలు కావాలి, వాటి పని సాబ్ మనవడే చూస్తున్నాడు, దానికి వేరే ఫీజు అడగలేదు.

వెళ్లేవాళ్లు మరణ ధ్రువీకరణ పత్రం, లైసెన్సు ఒరిజినల్ పుస్తకం, స్టేషన్ లెటరు, మీ ఆధార్, వారసులందరి ఫోన్ నెంబర్లు దగ్గర పెట్టుకోండి. అన్నీ రెండేసి జిరాక్స్‌లు తీసుకెళ్లండి. ముందు స్టేషన్‌కు చెప్పకుండా తుపాకీ ఇంట్లోంచి కదపొద్దు. ఆటోలో, బైక్ మీద కాకుండా కారులో, సంచీలో పెట్టి, తూటాలు వేరే సంచీలో వేసి తీసుకెళ్లండి. దారిలో ఎక్కడా ఆగకండి. ఉదయం పదకొండు గంటలకు వెళితే సాబ్ తీరిగ్గా ఉంటారు, ప్రతి నెంబరూ మీ ముందే చదివిస్తారు. తొందరగా కానివ్వమని మాత్రం ఆయన్ను అడగకండి.